ఇంటి లెక్కలు: రికార్డరు కొనేముందు

గత సంచిక వెలువడిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లోనూ, ఫోన్లలోనూ ఒకే సంగతి రెండు రకాలుగా వినిపించింది. "టి.వి.లో వచ్చే మంచి తెలుగు కార్యక్రమాలు దాచుకోవాలని ఉంది. తెలిసినవాళ్ల దగ్గర పాత డి.వి.డి. రికార్డరు చవకగా వస్తోంది, కొనమంటారా?" అని ఒకరు అడిగారు. "అటక మీద పెట్టెడు వి.సి.ఆర్. క్యాసెట్లున్నాయి. పారేయడానికి మనసొప్పడం లేదు, చూడటానికి యంత్రం లేదు. ఏం చేయాలి?" అని ఇంకొకరు. మొదటిది కొనుగోలు ప్రశ్న, రెండోది పాత ఆస్తి ప్రశ్న. రెండూ ఒకే యంత్రం దగ్గరికి వచ్చి ఆగుతాయి కనుక ఈ మూడు నెలల 'ఇంటి లెక్కలు' దానికే కేటాయిస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అప్పు దరఖాస్తు బల్ల మీదికి వస్తే మేం మూడే విషయాలు చూస్తాం. డబ్బు దేనికోసం? అన్నీ కలిపి ఖర్చెంత? పెట్టింది మళ్లీ చేతికొస్తుందా? ఇంట్లోకి ఏ యంత్రం కొన్నా ఈ మూడు ప్రశ్నలూ వేసుకుంటే దుకాణదారు మాటల్లో పడిపోం. రికార్డరునూ అలాగే చూద్దాం.

వెనక కథ కొంచెం

వి.హెచ్.ఎస్. క్యాసెట్టును జపానుకు చెందిన జె.వి.సి. సంస్థ 1976లో బజారులోకి తెచ్చింది. మన దేశంలో 1982 ఆసియా క్రీడలతో రంగుల టి.వి. వచ్చాక వి.సి.ఆర్. కూడా మెల్లగా మధ్యతరగతి ఇళ్ల గుమ్మం ఎక్కింది. సొంత రాష్ట్రంలో ఉన్నవాళ్లకు అది సరదా వస్తువు. మనకు అంతకంటే ఎక్కువ. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైనా, ఆ రోజుల్లో బెంగళూరులోనో సోలాపూరులోనో మేడ మీద ఎంత పొడుగు యాంటెన్నా కట్టినా అది అందేది కాదు. ఆదివారం మధ్యాహ్నం జాతీయ కార్యక్రమంలో వేసే ప్రాంతీయ భాషాచిత్రం ఎప్పుడో ఒకసారి తెలుగుదైతే, వీధిలోని తెలుగు కుటుంబాలన్నీ ఒకే ఇంట్లో చేరేవి. ఎవరింట్లోనైనా వి.సి.ఆర్. ఉంటే ఆ సినిమా ఎక్కించి పెట్టుకోమని ముందురోజే చెప్పి వచ్చేవాళ్లం.

1995లో జెమిని, ఈటీవీ రావడంతో ఆ కరువు తీరింది. ఆ మరుసటి సంవత్సరం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 'పాడుతా తీయగా' మొదలుపెట్టాక, సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో క్యాసెట్ల మీద క్యాసెట్లు నిండాయి. పెళ్లిళ్లు, బారసాలలు, సంఘం ఉగాది ఉత్సవాలు కూడా ఆ క్యాసెట్లలోకే చేరాయి.

డి.వి.డి. మీద ఇంట్లోనే రికార్డు చేసుకునే యంత్రాన్ని పయనీర్ సంస్థ 1999 చివర జపానులో అమ్మకానికి పెట్టింది. తర్వాతి పదేళ్లలో ధరలు దిగి మన దుకాణాలకూ వచ్చింది. అయితే సెట్‌టాప్ పెట్టెలు, హార్డ్ డిస్కులు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు దాని పని లాగేసుకున్నాయి. ఇప్పుడు దొరికేవి దాదాపు అన్నీ ఒకరు వాడి వదిలినవే. వి.సి.ఆర్. సంగతి అంతకంటే కష్టం. చివరిదాకా వాటిని తయారుచేస్తూ వచ్చిన జపాను సంస్థ ఫునాయ్ కూడా 2016 జూలైలో మానేసింది. అంటే మన క్యాసెట్లను ఆడించగల యంత్రాలు లోకంలో రోజురోజుకూ తగ్గుతాయే గాని పెరగవు.

మొదటి ప్రశ్న: దేనికోసం?

ఇవాళ్టి టి.వి. కార్యక్రమాల కోసమే అయితే, నా సమాధానం: డి.వి.డి. రికార్డరు కొనకండి. కారణాలు చెబుతాను.

ఆ యంత్రంలో ఛానెళ్లను పట్టే ట్యూనరు పాత ఎనలాగ్ ప్రసారాల కోసం పెట్టింది. మన దేశంలో 2012 నుంచి 2017 వరకు దశలవారీగా కేబుల్ అంతా డిజిటల్ అయింది. దూరదర్శన్ కూడా తన నేల మీది ఎనలాగ్ ప్రసారాలను 2022 నాటికి కొద్ది చోట్ల తప్ప ఆపేసింది. అంచేత ఆ ట్యూనరుకు పట్టడానికి ఏమీ మిగల్లేదు. సెట్‌టాప్ పెట్టె వెనక ఉండే పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాల నుంచి మూడు తీగలు తెచ్చి రికార్డరుకు కలపాలి. కొన్ని పెట్టెలకు ఈ మూడూ కలిసి ఒకే చిన్న రంధ్రంలో ఉంటాయి, దానికి వేరే తీగ కొనాలి. హెచ్.డి.ఎం.ఐ. తీగ ద్వారా తీద్దామంటే, ఆ దారికి నకలు తీయకుండా తాళం వేసి ఉంటుంది.

తీగ కలిపాక ఇంకో చిక్కుంది. రికార్డరులో రాత్రి 9 గంటలకని టైము పెట్టి ఊరెళ్లామనుకోండి. ఆ సమయానికి సెట్‌టాప్ పెట్టె కూడా వెలిగి, సరిగ్గా అదే ఛానెల్ మీద ఉండాలి. మధ్యలో ఇంట్లో ఎవరో క్రికెట్టు పెడితే డిస్కు మీద క్రికెట్టే ఎక్కుతుంది. పైగా హెచ్.డి. కార్యక్రమమైనా డి.వి.డి. మీదికి వచ్చేసరికి 576 గీతల మామూలు బొమ్మే.

మరి దారేది? మూడున్నాయి. మొదటిది, కార్యక్రమం ఆ ఛానెల్ వాళ్ల సొంత యాప్‌లోనో, యూట్యూబులోనో ఉందేమో చూసుకోవడం. చాలావరకు ఉంటుంది, ఖర్చు లేదు. రెండోది, రికార్డింగు సదుపాయమున్న డి.టి.హెచ్. పెట్టె. వాడకం సులువు, కాని అందులో ఎక్కించింది ఆ పెట్టెలోనే కనిపిస్తుంది. మూడోది, డి.డి. ఫ్రీ డిష్ లాంటి ఉచిత ప్రసారాలను పట్టే చవక పెట్టెల్లో పెన్ డ్రైవుకు రికార్డు చేసుకునే రకం. తాళం లేని ఛానెళ్లకు మాత్రమే ఇది పనికొస్తుంది. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి కార్యక్రమాలు ఇష్టపడేవారికి ఇంతకంటే చవక మార్గం లేదు. దాన్లో రికార్డైనది మామూలు ఫైలు కనుక కంప్యూటరులోకి మార్చుకోవచ్చు. కొనేముందు దుకాణంలోనే ఒక రెండు నిమిషాలు రికార్డు చేయించి, పెన్ డ్రైవు ఇంటికి తెచ్చి కంప్యూటరులో ఆడుతోందో లేదో చూసుకోండి.

ఇక పాత క్యాసెట్ల కోసమే అయితే, డి.వి.డి. రికార్డరు ఇప్పటికీ పనికొచ్చే యంత్రమే. ఏళ్లు గడిచిన టేపు నుంచి వచ్చే బొమ్మ పైన వంగుతూ, పక్కలకు వణుకుతూ ఉంటుంది. కొన్ని రికార్డర్లలో ఆ వణుకును సరిదిద్ది తీసుకునే ఏర్పాటు ఉంది. వి.సి.ఆర్.ను నేరుగా కంప్యూటరుకు కలిపే చవక రకం యు.ఎస్.బి. తీగల్లో సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. టేపు కాస్త తడబడగానే బొమ్మకూ మాటకూ పొంతన తప్పుతుంది. టేపులు బాగున్నవాళ్లు, కంప్యూటరు చేతివాటం ఉన్నవాళ్లు ఆ తీగతోనే పని కానిచ్చుకోవచ్చు. తక్కినవాళ్లకు రికార్డరే నయం. వి.సి.ఆర్., డి.వి.డి. రికార్డరు రెండూ ఒకే పెట్టెలో ఉన్న జంట యంత్రం మంచి స్థితిలో దొరికితే తీగల గొడవే లేదు.

రెండో ప్రశ్న: అన్నీ కలిపి ఎంత?

పాత సరుకుకు ఊరికో ధర, మనిషికో ధర. అంచేత యంత్రం ధర ఒక్కటే చూసి చవక, ప్రియం అనుకోకూడదు. ఇలా లెక్క వేయండి.

మీ ఇంట్లో 40 క్యాసెట్లు ఉన్నాయనుకుందాం. మన దేశంలో ఎక్కువగా వాడింది మూడు గంటల క్యాసెట్టు. 40 క్యాసెట్లంటే 120 గంటలు. టేపు నుంచి డిస్కుకు మార్చడం అనేది ఆడినంతసేపూ పట్టే పని. మూడు గంటల క్యాసెట్టుకు మూడు గంటలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. రోజుకు రెండు గంటల చొప్పున 60 రోజులు. ఈ ఓపిక కూడా ఖర్చు పద్దులోనే రాసుకోవాలి.

డి.వి.డి. మీద పట్టేది 4.7 జి.బి. రికార్డరులో సాధారణంగా నాలుగు వేగాలుంటాయి. ఒక డిస్కు మీద ఒక గంట, రెండు గంటలు, నాలుగు గంటలు, ఆరు గంటలు. ఆరు గంటలు పడుతుంది కదా అని ఆశపడితే బొమ్మ అలుక్కుపోతుంది. ముఖాలు గుర్తుపట్టవచ్చు గాని, మీ అమ్మాయి కూచిపూడి చేసిన టేపైతే చేతి ముద్రలు ఏవి ఏవో తెలియవు. రెండు గంటల వేగం ఇంటి టేపులకు సరైన కొలత. ఆ లెక్కన 120 గంటలకు 60 డిస్కులు కావాలి.

అదే రెండు గంటల వేగానికి గంటకు సుమారు 2.35 జి.బి. అవుతుంది. 120 గంటలకు 282 జి.బి. వెయ్యి జి.బి. హార్డ్ డిస్కు ఒకటి కొంటే 425 గంటలు పడుతుంది. అంటే దాదాపు 212 డిస్కుల పని అది ఒక్కటే చేస్తుంది. కాబట్టి రికార్డరుతో డిస్కు మీదికి ఎక్కించి, కంప్యూటరు ద్వారా హార్డ్ డిస్కులోకి మార్చి, చెరిపి మళ్లీ వాడుకునే ఆర్.డబ్ల్యు. రకం డిస్కులు నాలుగైదు పెట్టుకుంటే, 60 డిస్కుల ఖర్చు తప్పుతుంది.

ఇప్పుడు మీ ఊళ్లో క్యాసెట్టును మార్చి ఇచ్చే స్టూడియోవాళ్లు ఒక్కోదానికి ఎంత అడుగుతున్నారో కనుక్కోండి. ఉదాహరణకు 300 రూపాయలనుకుంటే 40 క్యాసెట్లకు 12,000 అవుతుంది. రికార్డరు, వి.సి.ఆర్. మరమ్మతు, డిస్కులు, హార్డ్ డిస్కు అన్నీ కలిపి అంతకంటే తక్కువలో వస్తే సొంతంగా కొనుక్కోవడం లాభం. పది క్యాసెట్లలోపు ఉన్నవాళ్లు స్టూడియోకి ఇవ్వడమే మేలు. అయితే వాళ్లు డిస్కు ఒక్కటే ఇస్తే ఒప్పుకోకండి, ఫైలు కూడా అడిగి తీసుకోండి.

మూడో ప్రశ్న: పెట్టింది వెనక్కి వస్తుందా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే, దుకాణంలో ఎవరూ అడగనిదీ ఇదే. డబ్బు వేయడానికి వీలుండి తీయడానికి వీలులేని ఖాతా తెరుస్తామా? రికార్డింగు కూడా డిపాజిట్టే. యంత్రం పోయిన తర్వాత కూడా అది మన చేతిలో మిగలాలి.

మా వదినగారింట్లో రికార్డింగు సదుపాయమున్న డి.టి.హెచ్. పెట్టె ఉండేది. వాళ్ల పాప ఒక ఛానెల్ పాటల పోటీలో పాడిన భాగాన్ని అందులో రెండేళ్లు దాచుకున్నారు. పెట్టె చెడితే కంపెనీ మనిషి వచ్చి కొత్తది బిగించి పాతది పట్టుకుపోయాడు. పాప పాట కూడా దాంతోనే పోయింది. ఆ కంపెనీ నియమం అదేనట. నియమం ముందే తెలిస్తే వేరే దారి చూసుకునేవాళ్లమని మా వదినగారు ఇప్పటికీ బాధపడతారు.

డి.వి.డి. రికార్డర్లలోనూ ఇలాంటి తాళాలు రెండున్నాయి. ఒకటి ఫైనలైజ్ చేయడం. రికార్డింగు పూర్తయ్యాక యంత్రం మెనూలో ఈ పని చేస్తేనే ఆ డిస్కు మిగతా ప్లేయర్లలో ఆడుతుంది. చేయకుండా వదిలేస్తే రికార్డు చేసిన యంత్రం తప్ప మరోటి దాన్ని చదవలేకపోవచ్చు. మీ ఇంట్లో 2005, 2010 ప్రాంతాల్లో కొన్న రికార్డరుంటే, దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేముందు డిస్కులన్నీ వేరే ప్లేయరులో ఆడించి చూడండి. ఆడనివాటిని ఆ యంత్రంలోనే పెట్టి ఫైనలైజ్ చేయండి. ఇది ఈ వారమే చేయవలసిన పని.

రెండోది, కొన్ని రికార్డర్ల లోపల ఉండే హార్డ్ డిస్కు. దాన్ని విప్పి కంప్యూటరుకు తగిలిస్తే మామూలుగా ఏమీ కనబడదు, ఎందుకంటే ఒక్కో కంపెనీ తనదైన పద్ధతిలో రాస్తుంది. యంత్రం పనిచేస్తున్నప్పుడే లోపలున్నదంతా డిస్కుల మీదికి దించుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

అమెరికాలో ఉన్న అబ్బాయినో అల్లుణ్ణో అడిగి అక్కడి పాత రికార్డరు తెప్పించుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి అది సర్దుకున్నా, అక్కడి టి.వి. పద్ధతి ఎన్.టి.ఎస్.సి., మనది పాల్. మన వి.సి.ఆర్. నుంచి వచ్చే పాల్ బొమ్మను అక్కడి రికార్డర్లు సాధారణంగా తీసుకోవు. సింగపూరు, దుబాయి నుంచి వచ్చినవాటితో ఈ ఇబ్బంది ఉండదు, అక్కడ కూడా పాలే.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. అప్పట్లో అమెరికా బంధువులు పంపిన పెళ్లి క్యాసెట్లు మన వి.సి.ఆర్.లో నలుపు తెలుపుల్లో గిరగిరా తిరిగేవి గుర్తుందా? అవి చెడిపోలేదు. ఎన్.టి.ఎస్.సి. క్యాసెట్లవి. రెండు పద్ధతులూ ఆడే వి.సి.ఆర్. ఎవరి దగ్గరైనా ఉంటే చక్కగా ఆడతాయి.

అమ్మేవాడి ఇంట్లోనే పది నిమిషాలు రికార్డు చేయించి, ఫైనలైజ్ చేయించి, ఆ డిస్కును వేరే ప్లేయరులో చూశాకే డబ్బివ్వండి. పాత రికార్డర్లలో ముందు అలసిపోయేది డిస్కు మీద రాసే లేజరు. ఆడించడం బాగానే ఉండి రాయడం మాత్రం విఫలమవుతుంటుంది. రిమోట్ తప్పక అడగండి. చాలా యంత్రాల్లో మెనూలోకి వెళ్లడానికి అదే దిక్కు. డిస్కుల్లో మైనస్, ప్లస్ అని రెండు రకాలున్నాయి, మీ యంత్రం ఏది రాస్తుందో చూసి కొనండి. కొన్న సినిమా క్యాసెట్లు కొన్నింటికి నకలు రక్షణ ఉంటుంది, వాటిని రికార్డరు తీసుకోకపోతే యంత్రం చెడిందనుకోకండి.

వి.సి.ఆర్.లో క్యాసెట్టు పెట్టేముందు దాని కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. తెల్లగా పొడిలాగా కనిపిస్తే అది బూజు. చెన్నై, యానాం వంటి తేమగాలి ఊళ్లలో ఇది సర్వసాధారణం. అలాంటి క్యాసెట్టును వి.సి.ఆర్.లో పెడితే బూజు హెడ్డుకు అంటుకొని తర్వాతి క్యాసెట్లను కూడా పాడుచేస్తుంది. దాన్ని విడిగా కవరులో పెట్టి తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించాలి. మిగతావాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు ఆడించండి. ఏళ్లతరబడి అంటుకుపోయిన చుట్టలు వదులవుతాయి.

ఏది ముందు?

ఇక్కడ లెక్కలు పక్కనపెట్టి ఒక మాట చెప్పాలి. 40 క్యాసెట్లు ముందేసుకొని కూర్చుంటే చాలామంది సినిమాలతో మొదలుపెడతారు, అట్ట మీద పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది గనుక. అది వరస తప్పిన పని. సినిమా మరోచోట దొరుకుతుంది. టి.వి. కార్యక్రమం కూడా చాలావరకు ఛానెల్ దగ్గర ఉంటుంది. ప్రపంచంలో మన క్యాసెట్టు మీద తప్ప ఇంకెక్కడా లేనిది ఏమిటి? అది ముందు.

మా చెల్లెలి పెళ్లి 1996లో. ఆ క్యాసెట్టులో అప్పగింతల వేళ మా మామ్మ పెళ్లికూతురి తల నిమురుతూ మాట్లాడింది. మామ్మ పుట్టి పెరిగింది బరంపురం. పిల్లల్ని గుంటలని పిలిచే ఆ తెలుగు మా ఇంట్లో ఆమెతోనే ఆగిపోయింది. మా పిల్లలు బెంగళూరులో పుట్టారు. బళ్లో కన్నడం, ఇంగ్లీషు నేర్చారు. వాళ్లకొచ్చిన తెలుగు కొంత మా దగ్గర, కొంత టి.వి. దగ్గర నేర్చినదే. మామ్మ మాట వాళ్లు విన్నది ఆ క్యాసెట్టులోనే. టి.వి.లో తెలుగు ఇప్పుడు రాత్రింబగళ్లు వస్తుంది. కాని బరంపురం తెలుగు, హోసూరు తెలుగు, సోలాపూరు పద్మశాలీల ఇళ్లలోని తెలుగు ఏ ఛానెల్లోనూ రాదు. అది ఉన్నది మన పెళ్లి క్యాసెట్లలో, సంఘం వార్షికోత్సవాల టేపుల్లో, పక్కనుంచి పెద్దవాళ్లు మాట్లాడుకునే మాటల్లో. సన్నాయి వెనక వినపడే ఆ మాటల కోసమే నేను పెళ్లి క్యాసెట్లు ముందు అంటున్నాను.

ఇంకో సంగతి. అట్ట మీద రాసింది నమ్మకండి. క్యాసెట్టు ఖరీదు ఎక్కువగా ఉన్న రోజులవి. సినిమా అయిపోయాక మిగిలిన పావుగంటలో బారసాల ఎక్కించినవాళ్లూ, పుట్టినరోజు తర్వాత చిత్రలహరి ఎక్కించినవాళ్లూ ఉన్నారు. ప్రతి క్యాసెట్టునూ చివరంటా తిప్పి చూశాకే దాని విలువ కట్టాలి.

ఇంట్లో రికార్డు చేసినదానికి విలువేముందనుకునేవారికి ఒక ఉదాహరణ. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 2012లో చనిపోయేదాకా 30 ఏళ్లకు పైగా రాత్రింబగళ్లు టి.వి. వార్తలను వి.సి.ఆర్.లలో ఎక్కించింది. 70 వేల దాకా క్యాసెట్లు పోగయ్యాయి. ఛానెళ్లే దాచుకోని ప్రసారాలు ఉంటాయని ఆవిడ పోగుచేసినదాన్ని ఇప్పుడు ఒక పెద్ద డిజిటల్ గ్రంథాలయం భద్రపరుస్తోంది. మనం 70 వేలు దాచనక్కర్లేదు. ఉన్న నాలుగూ పోగొట్టుకోకుంటే చాలు.

సమయం కూడా ఎక్కువ లేదు. టేపులోని అయస్కాంతపు పూత ఏళ్లు గడిచేకొద్దీ బలహీనమవుతుంది, యంత్రాలు మూలపడుతున్నాయి, బాగుచేసేవాళ్లు రిటైరవుతున్నారు. ఈ మూడూ కలిపి లెక్కవేసి ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే ఒక హెచ్చరిక చేసింది. 2025 నాటికి డిజిటల్‌లోకి మార్చని టేపులు చాలావరకు దక్కవని. ఆ గడువు మన నెత్తి మీదికి వచ్చేసింది.

చట్టం ఏమంటుంది?

టి.వి. కార్యక్రమాన్ని ఇంట్లో రికార్డు చేసుకోవడం నేరమా అని ఒక పాఠకురాలు అడిగారు. మన 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రకారం, సొంత వాడకానికి గాని, నిజమైన బోధన, పరిశోధనల కోసం గాని చేసుకున్న రికార్డింగు ప్రసార సంస్థ హక్కులకు భంగం కాదు. అమెరికాలో ఇదే విషయం మీద సోనీ సంస్థకూ సినిమా కంపెనీలకూ నడిచిన దావాలో, తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో అక్కడి సుప్రీం కోర్టు తేల్చింది. అయితే నకళ్లు తీసి అమ్మడం, నలుగురికీ పంచడం, సంఘం హాల్లో తెర కట్టి టి.వి. సినిమా వేయడం సొంత వాడకం కిందికి రావు. ఇంటి పెళ్లి టేపులకు ఈ బెడద లేదు, హాయిగా పంచుకోండి.

దాచడం

మార్చిన ఫైళ్లను ఒకేచోట ఉంచకండి. ఒక హార్డ్ డిస్కు ఇంట్లో, రెండోది వేరే ఊళ్లో ఉన్న అన్నగారింట్లోనో అక్కగారింట్లోనో ఉండాలి. ముఖ్యమైనవి మాత్రం డిస్కు మీద కూడా ఉంచండి. డిస్కులకు ఎండ, వేడి శత్రువులు. వాటి మీద కాగితం చీటీలు అతికించకుండా, డిస్కుల కోసమే అమ్మే మెత్తటి కలంతో రాయండి. ఏడాదికొకసారి, దసరా శుభ్రంలో భాగంగా, హార్డ్ డిస్కును కంప్యూటరుకు పెట్టి తెరిచి చూడండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు సంవత్సరం, ఊరు, సందర్భం, అందులో మాట్లాడినవాళ్ల పేర్లు రాయండి. ఈ పని ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకొని చేయాలి. మనం గుర్తుపట్టని ముఖాలు వాళ్లు పడతారు. మార్పిడి అయ్యాక కూడా అసలు క్యాసెట్లు వెంటనే పారేయకండి. పుస్తకాల్లాగా నిలువుగా పెట్టి ఉంచండి.

సంఘానికి ఒక ప్రతిపాదన

చివరగా, ఖర్చు తగ్గించే మార్గం ఒకటి. ఇంటికొక రికార్డరు కొనడం ఎందుకు? పది కుటుంబాలు కలిస్తే మంచి జంట యంత్రం ఒకటి, హార్డ్ డిస్కులు రెండు కొనవచ్చు. సంఘం గదిలో ఒక మూల పెట్టి, ఆదివారాలు వంతుల వారీగా నడుపుకోవచ్చు. టేపు ఆడినంతసేపు ఎవరో ఒకరు కూర్చోక తప్పదు కనుక ఆ కూర్చునేవాళ్లకు కాఫీ ఏర్పాటు చేస్తే చాలు. పని అయిపోయాక యంత్రాన్ని ఇంకో ఊరి తెలుగు సంఘానికి అదే ధరకు అమ్మేయవచ్చు, తరుగు కూడా పెద్దగా ఉండదు. సంఘం సొంత వార్షికోత్సవాల టేపులు కూడా ఎవరెవరి ఇళ్లలోనో చెదిరి ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టవచ్చు.

ఇష్టమున్నవారు తమ దగ్గరున్న క్యాసెట్ల సంఖ్య, వి.సి.ఆర్. ఉందా లేదా అన్నది ఒక కార్డు మీద రాసి కార్యాలయానికి పంపండి. లెక్క తేలితే ఒక్కో కుటుంబానికి ఎంత పడుతుందో వచ్చే సంచికలో పద్దు వేసి చూపిస్తాను. ఈలోగా అటక ఎక్కి ఆ పెట్టె కిందికి దించండి.